నైరుతి మూల బేస్ డబ్బా

మా ఇంట్లో బరువులన్నీ నైరుతి మూలలోనే ఉంటాయి. ఇనప్పెట్టె, టేకు బీరువా, గ్రానైటు బల్ల, బల్ల వెనక సింహం తలల కుర్చీ, ఆ కుర్చీలో మా ఆయన. వాస్తు సిద్ధాంతి చెప్పింది చెప్పినట్టు చేశాం కాబట్టే ఇల్లు నిలబడి ఉందని మా ఆయన నమ్మకం. రెండువేల మూడులో, శనక్కాయ పంట వరసగా ఎండిపోతున్న రోజుల్లో, కదిరిలో హిందూపురం రోడ్డు మీద అంత ఇల్లు కట్టినవాడు ఇంకొకడు లేడు. కట్టగలిగాడంటే కారణం నైరుతి కాదు, కరువు. మా ఆయనకు బోరు బండ్లున్నాయి. వాన పడకపోతే రైతు బోరు వేయిస్తాడు, నీళ్ళు పడకపోతే ఇంకాస్త దించమంటాడు, ఎంత దించినా దుమ్మే లేస్తే చేను ఇంకో పక్కన మళ్ళీ వేయిస్తాడు. చుట్టుపక్కల పల్లెలు ఎంత ఎండితే మా గోడలు అంత లేచాయి. ఈ మాట నేను ఆయన మొహం మీదే అన్నాను. "నీ నోట్లో నుంచి ఒక్క మంచి మాట రాదు గదా" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆయన పేరు రాఘవేంద్ర. నాకు మేనత్త కొడుకు, అందుకని పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. ఆయన తెలివంతా ఒక్క మాటలో చెప్పేయొచ్చు, పెద్దది. బండి కొంటే పెద్దది, గేటు పెడితే పెద్దది, పార్టీ బ్యానరు కట్టిస్తే అందులో అందరికంటే తన బొమ్మ పెద్దది. బోరులో నీళ్ళు పడకపోతే తప్పు నేలది కాదు, చోటు చూపించినవాడిది కాదు, తనది అసలే కాదు, లోతు చాలలేదు, అంతే. "ఇంగొంచెం దించుదాం" అన్న మాట నిద్రలో కూడా అంటాడు.

గృహప్రవేశానికి ముందు ఆయన బెంగళూరు వెళ్ళి బేస్ డబ్బా తెచ్చాడు. సబ్‌వూఫర్ అని దాని అసలు పేరు. పాటల్లో లోతైన శబ్దం ఉంటుందే, డోలుదీ, మద్దెలదీ, ఆ శబ్దం ఒక్కటే పలకడం దాని పని. దాని నోరు మా ఇంట్లో రొట్టెలు కాల్చే పెనమంత ఉంది. ఆటోలో నుంచి దింపడానికి మనుషులు రెండువైపులా పట్టుకుని బసవన్నను ఊరేగించినట్టు లోపలికి తెచ్చారు. సిద్ధాంతి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. డబ్బాను చుట్టూ తిరిగి చూసి, "ఇది బరువు. నైరుతికి పోవల్ల" అన్నాడు. నైరుతిలో అప్పటికే చోటు లేదు. మా ఆయనే తన కుర్చీ పక్కకు జరుపుకుని దానికి దారి ఇచ్చాడు. మనిషికి గానీ వస్తువుకు గానీ ఆయన పక్కకు జరగడం నేను చూసింది అదే.

పాత ఇంట్లో మాకు ఒక చిన్న డబ్బా ఉండేది. సినిమాలు చూడటానికి కొన్న సెట్టుతో పాటు వచ్చింది. కొన్నప్పుడు దాన్ని కూడా వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. పెద్దది రాగానే చిన్నదాన్ని కాలితో జరిపి, "ఈ రాగుల డబ్బాను స్టోరు రూములో పారెయ్ రా" అని రామాంజులుకు చెప్పాడు. రామాంజులు బోరు బండ్ల లెక్కాచారం చూసే మనిషి. జీతం దానికే గానీ, చేసే పని మాత్రం మా ఆయన నవ్వితే నవ్వడం, తల ఊపితే ఊపడం. చిన్న డబ్బా పోయి శనక్కాయ మూటల మీద కూర్చుంది.

ఇక పెద్దదాని వైభవం చెప్పాలి. పాట ఏదైనా సరే, అది పాడేది ఒకటే, బొంయ్. ఆడగొంతు పాడినా బొంయ్, మగగొంతు పాడినా బొంయ్, దేవుడి పాట వేసినా బొంయ్. ఒక బొంయ్ గోడకు తగిలి తిరిగొచ్చేలోపల ఇంకో బొంయ్ బయల్దేరుతుంది, రెండూ హాల్లో కలుసుకుని కొట్టుకుంటాయి. కింద తాడిపత్రి బండలు, పైన కాంక్రీటు, చుట్టూ నున్నటి గోడలు, శబ్దం దాక్కోవడానికి ఒక్క గుడ్డ పీలిక లేదు. సజ్జ మీద స్టీలు గిన్నెలు వాటంతటవే నడిచి అంచుకు వచ్చేవి, రోజూ పొద్దున వాటిని వెనక్కి తోయడం నా పని. వచ్చిన పెద్దమనుషులేమో రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఈడ తగుల్తాండాది అన్నా, ఈడ" అనేవాళ్ళు. "గుండెకాయ కదలల్ల. అదీ పాటంటే" అని మా ఆయన కుర్చీలో వెనక్కి వాలేవాడు. గుండెకాయ కదిలేదానికి పాట ఎందుకు, మా బోరు బండి పక్కన నిలబడితే చాలదా?

నేను ఇదంతా నవ్వుకుని ఊరుకునేదాన్నే. మా నాయన రాకపోయి ఉంటే.

మా నాయన బయ్యన్నది గోరంట్ల పక్కన పల్లె. మెట్ట సేద్యం, శనక్కాయ, కంది. సేద్యం కడుపుకోసం, మద్దెల ప్రాణంకోసం. భజన మండలిలో ఆయన కొట్టేవాడు, నాటకాలాడితే ఆయన్నే పిలిచేవాళ్ళు. కూర్చోగానే ముందు తడిపిన రవ్వ ముద్ద తీసి మద్దెల ఎడమ మొహానికి అద్దేవాడు. ఆ పక్క మీద ఆయన ఎడం చెయ్యి పడితే దెబ్బలా ఉండేది కాదు. మణికట్టు నొక్కి జారిస్తే శబ్దం అడుగునుంచి మెల్లగా పైకి లేచేది, ఎవరో కింద గదిలో మూలిగి మేడ మీదికొచ్చి నవ్వినట్టు. "కుడిచెయ్యి అందురూ కొడ్తారు. మాట్లాడేది ఎడం చెయ్యే" అనేవాడు నాయన. మా అత్తగారింటి వాళ్ళకు మాత్రం అది తోలు కొట్టడం. "మామకు సేద్యం కన్నా మద్దెల ఎక్కువాయె, అందుకే ఆడనే ఉండాడు" అని మా ఆయన పెళ్ళిలోనే అన్నాడు.

ఇల్లు కట్టే ముందటేడు నాయనకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, కాలు కొంచెం తిరిగి వచ్చింది. ఎడం చెయ్యి మాత్రం పడిపోయింది. అప్పటినుంచి దాన్ని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటాడు, ఎవరిదో బిడ్డను పట్టుకున్నట్టు. ఆయన వాయించింది ఇక ఒక్క క్యాసెట్టులోనే ఉంది. వెనకెప్పుడో ఒక భజనకు హిందూపురం నుంచి వచ్చిన మైకుసెట్టు ఆయన ముచ్చటపడి మంచి డెక్కు మీద ఎక్కించి ఇచ్చిన క్యాసెట్టు అది. కానీ మా నాయన దగ్గరుండేది చిన్న టేపురికార్డరు. అందులో పెడితే కుడిచెయ్యి టకటకా వినపడేది, ఎడమ వైపు ఏమీ ఉండేది కాదు. అంత లోతు పలకడం ఆ అరచేతిమందం స్పీకరు వల్ల అయ్యే పని కాదు. నాయన టేపు పెట్టుకుని, వినపడని చోట తనే నోటితో "గుం" అనుకునేవాడు.  అందుకే మా ఇంటికి పెద్ద డబ్బా వచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంబరపడింది నేనే. "నాయనా, గృహప్రవేశానికి వస్తావు గదా, ఆ పొద్దు నీ ఎడం చెయ్యి ఇనిపిస్తా చూడు" అని మాటిచ్చాను.

గృహప్రవేశం నాడు వ్రతం అయ్యాక హాలు నిండా జనం ఉండగానే క్యాసెట్టు పెట్టాను. నాయన్ను మా ఆయన పక్కనే, గౌరవంగా, ఆ డబ్బాకు మూరెడు దూరంలో కూర్చోబెట్టారు. మద్దెల మొదలైంది. బొంయ్ మొదలైంది. కుడిచేతి దెబ్బలు ఆ బొంయ్ కింద పడి ఎక్కడో కొట్టుకుంటున్నాయి. జారుడు లేదు, లేవడం లేదు, నొక్కు లేదు. గిన్నెలు గలగలమన్నాయి. ఎవరో ఈల వేశారు.

నాయన తల వంచుకుని విన్నాడు. కాసేపటికి నన్ను పిలిచి, "ఎడం చెయ్యి యాడ కొడ్తాండానమ్మా?" అని అడిగాడు.

మా ఆయన నాకన్నా ముందే అందుకున్నాడు. "అదే మామా! బొంయ్ అని వస్తాండాదే, అదే నీ ఎడం చెయ్యి! ఎట్ల కదిలిస్తాండాదో చూడు ఇల్లంతా!"

"ఏం బేసు, ఏం బేసు!" అని రామాంజులు తొడ చరిచాడు.

నాయన ఒళ్ళో ఉన్న చేతిని చూసుకున్నాడు. "అట్లనా" అన్నాడు. "టేపులో గూడా పడిపాయనా ఇది."

ఆ మాట నేను తప్ప ఎవరూ వినలేదు. వినే వీలు ఆ డబ్బా ఎవరికి ఇచ్చింది గనక? నాయన అన్నం కెలికి లేచాడు. గోరంట్ల బస్సు ఎక్కించడానికి నేను గేటుదాకా పోతే, "ఆ క్యాసెట్టు నీ కాడే పెట్టుకోమ్మా. నాకింగ వద్దు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంటెత్తింది. మూడుకాళ్ళ ముసలితనంలో ఆ మనిషికి మిగిలింది ఆ టేపు మీద నమ్మకం ఒక్కటే, దాన్ని మా ఇంటి గొప్ప ఒక్క పూటలో మింగేసింది.

సాయంత్రం చుట్టాలు పల్చబడ్డాక మా ఆయనతో చెప్పాను. "బావా, ఆ డబ్బా ఆ మూల నుంచి తీయించు. నాయన మద్దెల సరిగ్గా ఇనపడల్ల."

"నైరుతిలో పెట్టినదాన్ని తీస్తారా యాడన్నా? దాన్ని ఆ మూలలో పెట్టినాకనే ముహూర్తానికి వేసిన బోర్లో నీళ్ళు పడినాయి. తెలుసునా నీకు?"

"పడనివి కూడా చెప్పు మరి."

"అవి లోతు చాలక."

"రేఖ ఇంట్లో చిన్న డబ్బా ఉండాది. అది పెట్టినా పాటలో మాటలు సరిగ్గా ఇనపడతాయి. మనది స్టోరు రూములో ఉండాది. ఆ రెండూ కలిపి పెడితే..."

ఆయన నవ్వాడు. పక్కనున్న రామాంజులు నవ్వాడు. "రెండు చిన్న బోర్లు పక్కపక్కన ఏసి, పెద్ద బోరన్ని నీళ్ళు తెచ్చినోణ్ణి యాడన్నా చూసినావా? రెండు రాగుల డబ్బాలు కలిపితే ఏమవుతాది? రెండు రాగుల డబ్బాలైతాయి." ఇది చెప్పి ఆయన తన మాటకు తనే మురిసిపోయాడు. తర్వాత వారమంతా వచ్చినవాళ్ళకల్లా వినిపించాడు.

రేఖ నా చెల్లెలు. అనంతపురంలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఫోను చేసి నాయన అన్న మాట చెప్పాను.  "ఆ డబ్బా యాడ పెట్టినారక్కా?" అంది రేఖ.

"మూలలో. నైరుతిలో."

"నాయన్ను యాడ కూచోబెట్టినారు?"

"ఇంకో అడుగు అవతల. అదే మూలలో."

"ఇంక ఏమి ఇనపడుతాది, నా తలకాయ" అంది రేఖ. ఆదివారం పొద్దున బస్సులో దిగింది. ఒళ్ళో దుప్పట్లో చుట్టి వాళ్ళింటి చిన్న డబ్బా. తమాషా ఏమిటంటే అది వాళ్ళకు పెళ్ళిలో మా ఆయన ఇచ్చిన సెట్టులోదే, మాదీ దానిదీ ఒకే కంపెనీ, ఒకే సైజు. అప్పట్లో అదే గొప్ప గదా మరి.

మా ఆయన ఊళ్ళో లేడు, విడపనకల్లు వైపు బండి చెడిపోతే పోయాడు. నేను శనక్కాయ మూటల మీది డబ్బాను తెచ్చి దుమ్ము దులిపాను. రేఖ హాల్లో నిలబడి చప్పట్లు కొట్టి, అవి గోడలకు తగిలి ఎలా తిరిగొస్తున్నాయో విన్నది. "తొట్టిలో నీళ్ళు ఒక కొసన ఊపితే ఏమైతాది? ఆ కొసన లేస్తాది, ఈ కొసన లేస్తాది, నడిమధ్యలో ఊరికే ఉంటాది. లోతు శబ్దం రూములో అట్లనే ఊగుతాది. మూలలో పెట్టినావంటే అన్ని ఊపులూ ఒకేసారి లేస్తాయి. ఎదురెదురు గోడలకాడ రెండు చిన్నవి పెట్టినావనుకో, ఒకటి లేపే ఊపును ఇంకొకటి అణుస్తాది."

"పాఠం చాలు. ఏం చెయ్యల్లో చెప్పు" అన్నాను.

చేయాల్సింది వింటే నాకే నవ్వొచ్చింది. నాయన ఎక్కడ కూర్చుని వింటాడో ఆ చోట డబ్బాను కూర్చోబెట్టాలి. మద్దెల టేపు పెట్టాలి. మనం గోడల వెంబడి నేల మీద పాకుతూ పోయి, ఎక్కడ ఎడం చెయ్యి తేటగా వినపడుతుందో అక్కడ గుర్తు పెట్టుకోవాలి. డబ్బా ఉండాల్సిన చోట అదే. అక్కడ పెట్టి ఇక్కడ వింటే ఎలా ఉంటుందో, ఇక్కడ పెట్టి అక్కడ విన్నా అలాగే ఉంటుందట. సరే, నాయన్ను హాలు వెనకవైపు కూర్చోబెడదామని ఇద్దరం అనుకుని, అక్కడ వేయడానికి తగిన కుర్చీ కోసం చూస్తే సింహాల కుర్చీ తప్ప ఎత్తు సరిపోయింది లేదు. దాన్ని ఈడ్చుకొచ్చి దాని మీద రాగుల డబ్బాను కూర్చోబెట్టాం. నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీకి ఆ రోజు కాస్త కళ వచ్చింది.

చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని నేను తూర్పు గోడ వెంబడి పాకాను. మూల దగ్గర బొంయ్. జరిగే కొద్దీ బొంయ్ సన్నబడింది. గోడ మధ్యకు వచ్చేసరికి, చిన్నప్పుడు మద్దెల కొట్టే నాయన తొడకు తల ఆనించి పడుకుంటే నా వీపు కింద మోగిన శబ్దం, అదే, లేచింది. నేను అక్కడే బండల మీద చెవి ఆనించి ఉండిపోయాను. "యాడక్కా? ఈడనేనా?" అని రేఖ పడమటి గోడ మధ్యనుంచి అరుస్తోంది. దానికీ అక్కడే వినపడిందట.

అప్పుడే రామాంజులు తలుపు తోసుకుని వచ్చాడు. నేల మీద మమ్మల్ని చూసి, "ఏం పోయినాదక్కా? కమ్మనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వంగి తనూ పాకడం మొదలుపెట్టాడు. సోఫా కిందంతా వెతికాడు పాపం. మా ఆయన ఊరినుంచి తిరిగొచ్చి లోపలికి అడుగుపెట్టేసరికి దృశ్యం ఇదీ, ఆడవాళ్ళిద్దరూ చెరొక గోడ కింద, తన మనిషి సోఫా కింద, తన కుర్చీలో రాగుల డబ్బా.

"ఎవురది నా కుర్చీలో?" అన్నాడు. కోపంలో డబ్బాను మనిషిని చేసేశాడు.

"నీకన్నా మంచిగా ఇంటాండాది బావా, కొంచేపు ఉండనీ" అంది రేఖ.

గొడవ చాలాసేపు జరిగింది. దక్షిణం యముడిది, ఉత్తరం కుబేరుడిది, ఈశాన్యంలో బరువు పెడితే వంశనాశనం అని ఆయన దిక్కులన్నీ ఒక చుట్టు తిరిగాడు. "మూలల జోలికే పోము. తూర్పు గోడ మధ్యలో ఒకటి, పడమటి గోడ మధ్యలో ఒకటి. ఇది బరువు కాదు బావా, అనంతపురం నుంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చినా" అంది రేఖ. చివరికి సిద్ధాంతికి ఫోను చేశారు. ఆడమనిషి ఒంటి చేత్తో ఎత్తగలిగింది బరువు కిందికి రాదు, పూలకుండీతో సమానం అని ఆయన తీర్పు ఇచ్చాడు. ఆ శాస్త్రం అవసరానికి ఎలా వంగుతుందో చూసి నాకు ముచ్చటేసింది.

రేఖ రెండు డబ్బాలనూ వాటి చోట్ల పెట్టి, వాటి గొంతు తగ్గిస్తూ తగ్గిస్తూ పోయింది. మా ఆయన ఒక్కొక్క తిప్పుకూ మొహం చిట్లించాడు. "ఇంగా తగ్గిస్తావేమప్పా? ఉండాదో లేదో తెలీకుండా పోతాండాది."

"ఉండాదని తెలీకూడదు బావా. ఆపితే మాత్రం లేదని తెలియల్ల."

"ఉండాదని తెలీనిదాన్ని ఏటికి కొంటారు ఎవురన్నా?" అన్నాడాయన. మా ఆయన మనసులో మాట అంత తేటగా ఎప్పుడూ బయటపడలేదు. తర్వాత ఆయనే పందెం వేశాడు. "మామనే పిలిపించండి. ముందు నాది ఇంటాడు, తరవాత మీది. ఏది బాగుండాదో మామ నోటితోనే చెప్పల్ల. నాది అన్నాడంటే ఈ చిప్పలు రెండూ మళ్ళా మూటల మీదికే. ఆ టేపు మాట ఇంగోసారి నా కాడ ఎత్తకూడదు."

ఆ పందెం ఎందుకు వేశాడో నాకు తెలుసు. మా నాయన అల్లుణ్ణి నొప్పించే మనిషి కాదు. బిడ్డ ఆ ఇంట్లో బతకాలి గదా అని ఆయన ఇన్నేళ్ళూ తోలు మాటలన్నీ నవ్వుతూ మింగినవాడు. గృహప్రవేశం నాడు కూడా "అట్లనా" అన్నాడే తప్ప ఒక్క మాట అనలేదు. ఆ మర్యాదను అడ్డం పెట్టుకుని మా ఆయన గెలవబోతున్నాడు. పందేనికి ఒప్పుకుంటున్నప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

నాయన ఒక పట్టాన రానన్నాడు. రేఖ పల్లెకు పోయి ఆయన మంచం పక్కన కూర్చుని, "నువ్వు లేస్తే నేను లేస్తా" అంది. రెండో పూటకు ఇద్దరూ బస్సెక్కారు.

కరెంటు ఉండే మధ్యాహ్నం వేళ చూసి కూర్చున్నాం. నాయన హాలు వెనకవైపు సింహాల కుర్చీలో, ఎడం చెయ్యి ఒళ్ళో. మా ఆయన సోఫాలో కాలు మీద కాలు వేసుకుని. రామాంజులు ఆయన వెనక. ముందు పెద్ద డబ్బా. గిన్నెలు నడిచాయి. నాయన విన్నాడు. "బాగుండాది అల్లుడా. బలంగా ఉండాది" అన్నాడు.  మా ఆయన నా వైపు చూసి మీసం కింద నవ్వాడు.

రేఖ పెద్దదాని వైరు పీకి చిన్నవాటికి పెట్టింది. క్యాసెట్టు మళ్ళీ మొదటికి తిప్పాను.

మొదట కుడిచెయ్యి. మామూలే. మా ఆయన ఆవలించాడు. తర్వాత కింద నుంచి ఏదో లేచింది. ఏ మూల నుంచీ రాలేదు, గోడ నుంచి రాలేదు, రెండు స్పీకర్ల మధ్య గాల్లో మా నాయన మద్దెల ఉన్నట్టుంది, దాని ఎడమ మొహం మీద రవ్వ ముద్ద ఇంకా తడిగా ఉన్నట్టుంది. నొక్కు వినపడింది. నొక్కి జారడం వినపడింది. జారి పైకి లేచి నవ్వడం వినపడింది. లేచిన శబ్దం ఆగాల్సిన చోట ఆగింది, తర్వాతి దెబ్బకు చోటు విడిచింది. గిన్నె ఒక్కటి కదల్లేదు.

నాయన కదల్లేదు. కళ్ళు మూసుకోలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. లెక్కలు తప్పుతాడేమోనని పిల్లవాణ్ణి చూసే అయ్యవారిలా ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.  పాట సగానికి వచ్చింది. ఉన్నట్టుండి కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఆపమ్మా. ఎనక్కి తిప్పు."

తిప్పాను.

"ఇంగొంచెం ఎనక్కి. ఆ. ఇప్పుడు పెట్టు." విన్నాడు. ముందుకు వంగాడు. "ఆ! ఆడ! ఇనపడినాదా?"

"ఏంది నాయనా?"

"తప్పినా ఆడ. ఎడం చెయ్యి పడల్సిన చోట పడలేదు, ఒక పిసరు ఎనకబడినాది. పాటాయన నా పక్క చూసినాడు ఆ పొద్దు. నేను తల వంచుకున్న్యా. ఎవురికీ తెలీలేదులే అనుకున్న్యా ఇన్నాళ్ళూ." నాయన నవ్వడం మొదలుపెట్టాడు. పక్షవాతం తర్వాత ఆయన అలా నవ్వగా నేను చూడలేదు, నోరు ఒకవైపుకే పోయింది, అయినా ఆపుకోలేక నవ్వాడు. ఒళ్ళో ఉన్న చేతిని కుడిచేత్తో పట్టుకుని ఊపాడు. "ఇది నా చెయ్యే. సందేహం లేదు. నేను తప్పినట్ల ఇంగెవురు తప్పుతారు?"

రేఖ మొహం కొంగుతో కప్పుకుంది. నాకు కూడా అప్పుడే, అన్నాళ్ళకు, ఏడుపొచ్చింది.

మా ఆయనకు ఇదేమీ అర్థం కాలేదు. ఒక మనిషి తన తప్పు తనే వెతుక్కుని, దొరికిందని సంబరపడటం ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. అయినా ఆ గందరగోళంలో ఆయనకు ఒక పెద్ద సంగతి తట్టింది. కాలు కిందికి దించి, ముందుకు జరిగి, గెలిచిన గొంతుతో అన్నాడు.

"చూసినావా మామా? నా పెద్ద డబ్బాలో అయితే ఆ తప్పు ఎవురికీ ఇనపడేదే కాదు!"

నాయన నవ్వు ఆపి ఆయన వైపు చూశాడు. ఇన్నేళ్ళు మింగిన మాటలన్నీ ఆ చూపులో ఉన్నాయి, కోపం మాత్రం లేదు.

"అందుకే గదా అల్లుడా," అన్నాడు, "నీకు అది అంత నచ్చినాది."

రామాంజులు నవ్వేశాడు. మా ఆయన నవ్వాడా లేదా చూసుకోకుండా రామాంజులు నవ్వడం అదే మొదలు. తప్పు తెలిసి నోరు చేత్తో మూసుకున్నాడు గానీ, అప్పటికే హాలంతా వినపడింది.

"ఇంగోసారి పెట్టమ్మా, ఆ తప్పు కాడ నుంచి" అన్నాడు నాయన.

పెట్టాను. ఎడం చెయ్యి లేచింది, జారింది, ఆ చోటుకు వచ్చి ఒక పిసరు వెనకబడింది. సరిగ్గా అక్కడ మా ఆయన మొహం మారింది.

"ఇనపడినాదిలే. ఇంగ ఆపు" అన్నాడు గోడ వైపు చూస్తూ.

నేను ఆపలేదు.